మామగారి కారుకు మెరుగు

మన భాషలో 'మెరుగు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కంసాలి నగకు పెట్టేదీ మెరుగే. జ్వరపడిన మనిషి లేచి నాలుగు మెతుకులు తింటే మనం అనేదీ 'కాస్త మెరుగు' అనే. ఒకటి కంటికి కనిపించే తళతళ. రెండవది ఉన్న స్థితి బాగుపడటం. ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయని నమ్మి, ముప్పయి ఏళ్ళ క్రితం నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటు ఖరీదు నా జేబు భరించలేదు, మా మామగారు భరించారు. దానివల్ల అబ్బిన విద్య మాత్రం నాకు దక్కింది. కారుకు ఇంటివద్ద మెరుగు పెట్టుకోవాలనుకునే మన సంస్థ మిత్రులకు ఆ విద్య ఉపయోగపడవచ్చుననే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1996లో నన్ను మన సంస్థ జంషెడ్‌పూర్ కార్యాలయానికి బదిలీ చేసింది. అప్పటికి ఆ ఊరు బీహారులో ఉండేది; 2000 నవంబరు 15 నుంచి ఝార్ఖండ్ రాష్ట్రంలోనిది అయింది. బదిలీ ఉత్తర్వు చూసి నేను దిగులు పడ్డాను గాని, నా శ్రీమతి మాత్రం పండుగ చేసుకొంది. కారణం, అది ఆమె పుట్టిల్లు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండల నీడలో ఉన్న ఆ ఉక్కు నగరానికి మన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరతరాలుగా జనం వలస వెళ్ళారు. 1912లో అక్కడి కర్మాగారంలో ఉక్కు తయారీ మొదలైంది. సాక్చీ అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అని పేరు మార్చుకొంది. ఆ కొలుముల వేడిని, రోలింగ్ మిల్లుల మోతను భరించిన చేతులలో తెలుగు చేతులు తక్కువేమీ కావు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలోకి అడుగుపెడితే చాలు, శ్రీకాకుళంలో ఉన్నామో, ఛోటానాగపూర్‌లో ఉన్నామో ఒక క్షణం తెలియదు.

మా మామగారు అలా వెళ్ళినవారే. మీసాలు రాని వయసులో రైలెక్కి, రోల్ షాపులో సహాయకుడిగా చేరి, చివరకు రోల్ గ్రైండరుగా పదవీ విరమణ చేశారు. కదమాలో చిన్న ఇల్లు. విరమణ సొమ్ములో కొంత పెట్టి ఆయన కొనుక్కున్న ఏకైక విలాసం ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు. రంగు ముదురు ఎరుపు, దాదాపు మన దానిమ్మ గింజ రంగు. ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకే దానికి స్నానం చేయించేవారు. మా అత్తగారు "ఇంట్లో దేవుడికి కూడా ఇంత అభిషేకం జరగదు" అని విసుక్కొనేవారు.

నేను అక్కడికి వెళ్ళిన సంవత్సరమే ఆయన కళ్ళకు నీటికాసులు సోకినట్లు తేలింది. ఎదుట ఉన్నది కనిపించేది గాని, ప్రక్క చూపు క్రమంగా మూసుకుపోతూ వచ్చింది. పోయిన చూపు తిరిగిరాదనీ, ఇక కారు నడపవద్దనీ వైద్యులు చెప్పారు. ఆయన మూడు రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నాలుగవ రోజున "విశ్వకర్మ పూజ అయ్యాక కారు ఇచ్చేస్తాను" అన్నారు. ఒక బడిలో పనిచేసే యువ ఉపాధ్యాయుడు అప్పటికే అడిగి ఉన్నాడు.

జంషెడ్‌పూర్ చూడనివారికి విశ్వకర్మ పూజ సంగతి ఒకింత చెప్పాలి. మనకు దసరా నాటి ఆయుధపూజ ఎలాగో, అక్కడ సెప్టెంబరు 17 అలాగు. కర్మాగారం, గ్యారేజీ, సైకిలు షాపు, రిక్షా స్టాండు, ఎక్కడ చూసినా యంత్రానికి బొట్టు, చక్రానికి పూలదండ. లారీలు పెళ్ళికూతుళ్ళలా ముస్తాబవుతాయి. ఆ రోజున మామగారి కారు చివరిసారిగా ఆయన చేతిమీదుగా పూజ అందుకోవాలి. ఎండకు, వానకు పాలిపోయి సున్నం రాసినట్లు తెల్లబారిన ఆ ఎరుపును మళ్ళీ కొత్తదానిలా చేసి ఆయనను ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది. అదృష్టమో, దురదృష్టమో, అదే సమయంలో ఆయన బంధువుల పెళ్ళికని శ్రీకాకుళం వెళ్ళారు. నాకు పది రోజుల వ్యవధి దొరికింది.

ఆ పది రోజులలో నేను చేసిన పనులను వరుసగా చెబుతాను. పాఠకులు వీటిని 'చేయకూడనివి' అనే శీర్షిక క్రింద వ్రాసుకోవచ్చు.

మొదటిది, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, వాన వెలిసి కాసిన చుర్రుమనే ఎండలో, బట్టలు ఉతికే పొడితో కారు కడిగాను. ఆ పొడి మురికితోబాటు మామగారు ఏళ్ళ తరబడి రాసిన మైనాన్ని కూడా కడిగివేసింది. ఎండకు నీరు క్షణంలో ఆరి, తెల్లని మచ్చలు మిగిలాయి.

రెండవది, సాక్చీ బజారుకు వెళ్ళి "బాగా గట్టిగా పనిచేసేది ఇవ్వండి" అని ఒక రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా కొన్నాను. దుకాణదారు "కంపెనీ రంగా, షెడ్డులో వేయించిన రంగా? ఎన్నేళ్ళయింది?" అని అడిగాడు. ఆ ప్రశ్నలు నాకు అనవసరంగా తోచాయి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మొత్తం వ్యవహారంలో తెలివైన మాటలు అవే.

మూడవది, చేతితో రుద్దితే ఆలస్యమవుతుందని మిత్రుడి వద్ద డ్రిల్లింగ్ మిషను ఎరువు తెచ్చి, దాని కొసకు ఉన్ని టోపీ వంటిది తగిలించి, బానెట్ మీద ఆనించాను. అయిదు నిమిషాలలో గుడ్డంతా ఎర్రబడింది. 'ఎంత మురికి ఉందో చూడు!' అని ఉత్సాహపడ్డాను. ఇటుకపొడి రంగులో మురికి ఉండదనే సంగతి నా ఇంజనీరింగు బుర్రకు తట్టలేదు. నేను తీస్తున్నది మురికిని కాదు, మామగారి కారు రంగును. మరి రెండు నిమిషాలకు బానెట్ అంచున జానెడు పొడవున బూడిదరంగు గీత ఒకటి బయటపడింది. అది ప్రైమర్. దాని క్రింద ఇక ఉన్నది ఇనుమే.

మిషను ఆపి అరుగు మీద కూలబడ్డాను. ఎదురింటి మిత్రుడు వచ్చి చూసి, పెదవి విరిచి, ఒక ఉపాయం చెప్పాడు. మిత్రులు చెప్పే ఉపాయాలలో చాలావరకు మన పరువు కాపాడేవి గాని, మన పని కాపాడేవి కావు. ముదురు ఎరుపు బూటు పాలిషు తెచ్చి ఆ గీత మీద పట్టించి, పైన మైనం రాశాము. పది అడుగుల దూరం నుంచి చూస్తే దోషం కనిపించలేదు. మామగారి చూపు సంగతి తెలిసినదే గదా అని మనసులో ఎక్కడో ఒక నీచమైన ధైర్యం కూడా కలిగింది. ఆ మాట ఇప్పుడు వ్రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

మామగారు వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ఆయన కళ్ళతో చూడలేదు. జేబులోంచి పలుచని ప్లాస్టిక్ సంచి తీసి చేతికి తొడుక్కొని, వేళ్ళ కొసలతో తలుపు మీద, డిక్కీ మీద, చివరకు బానెట్ మీద మెల్లగా జరిపారు. అంచు దగ్గర వేలు ఆగింది. సంచి తీసి, వట్టి వేలితో మళ్ళీ తడిమి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకొన్నారు.

"అల్లుడుగారూ, బానెట్‌కు బూట్లేమైనా తొడిగారా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. జరిగినదంతా చెప్పి, షెడ్డులో మళ్ళీ రంగు వేయిస్తానని, ఖర్చు నాదని అన్నాను. ఆయన కోపగించుకొంటే బాగుండేది. కోపగించుకోలేదు. "మామయ్యగారూ, పొరపాటైంది" అని మూడవసారి అన్నప్పుడు మాత్రం, "కూర్చోండి బాబూ" అని అరుగు మీద ప్రక్కన కూర్చోబెట్టుకొని తన ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టారు.

రోలింగ్ మిల్లులో రోలు నున్నదనాన్ని బట్టి రేకు నున్నదనం ఉంటుంది. రోలు మీద గీత ఉంటే ప్రతి రేకు మీదా ఆ గీత అచ్చుపడుతుంది. అందుచేత అరిగిన రోళ్ళను ఎప్పటికప్పుడు తెచ్చి, గ్రైండింగ్ మిషను మీద సానపట్టి తిరిగి పంపుతారు. సానపట్టిన ప్రతిసారీ రోలు వ్యాసం కొంచెం తగ్గుతుంది. ఒక హద్దు దాటి తగ్గితే ఆ రోలు ఇక తుక్కే.

"రోలు ఆయుర్దాయం దాని వ్యాసమే బాబూ. కొత్తగా వచ్చిన కుర్రాడు గీత పోవాలని ఇంత మందం తీసేస్తాడు. అద్దంలా మెరుస్తుంది, అందరూ శభాష్ అంటారు. పాతవాడు గీత పోయిందా లేదా అని చూసి అక్కడే చేయి ఆపుతాడు. ఆ రోలు మరి నాలుగు సార్లు మిల్లుకెక్కుతుంది. తీయడం అందరికీ వస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది" అన్నారు.

ఆ తరువాత ఆయన చెప్పిన విభజన నేను ఎన్నడూ మరువలేదు. కారు రంగుకు రాసే పదార్థాలు బజారులో ఎన్ని పేర్లతో ఉన్నా అవి మూడే జాతులని ఆయన అనేవారు. తీసేవి, పెట్టేవి, దాచేవి.

కాంపౌండు, పాలిషు 'తీసేవి'. వాటిలో కంటికి కనిపించని రాపిడి రేణువులు ఉంటాయి. గీతల పడిన పై పొరను అవి చెక్కివేస్తాయి. నిలకడగా ఉన్న చెరువులో చెట్టు నీడ స్పష్టంగా కనిపించి, అలలు రేగితే చెదిరిపోయినట్లే, నున్నని ఉపరితలం మీద వెలుతురు తిన్నగా తిరిగివస్తుంది, గీతలున్న చోట చెదిరిపోతుంది. కాబట్టి పాలిషు మెరుపును తెచ్చి పూయదు. మెరుపుకు అడ్డుగా ఉన్నదానిని తొలగిస్తుంది. కాంపౌండు ముతక, పాలిషు సన్నం, అంతే తేడా.

మైనం 'పెట్టేది'. బ్రెజిల్‌లో ఒక జాతి తాటిచెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం వీటిలో ప్రసిద్ధమైనది. దాదాపు 82 డిగ్రీల వేడి వరకు కరగదు గనుక ఎండలో నిలిచే బండికి అది పనికివచ్చింది. మైనం గీతలను తీయదు. నీరు, దుమ్ము, ఎండ నేరుగా రంగును తాకకుండా అడ్డుగా నిలుస్తుంది. కొన్ని వారాలకు అరిగిపోతుంది, మళ్ళీ రాయాలి.

ఇక 'దాచేవి'. గీతల సందులలో నూనె, మైనం వంటివి నింపి, తాత్కాలికంగా నున్నగా కనిపింపజేసేవి. నాలుగు వానలకు వాటి బండారం బయటపడుతుంది. పాత కారు అమ్మేవాళ్ళకు ఇవి మహా ఇష్టం. "మీరు వాడిన బూటు పాలిషు కూడా ఈ కులానిదే" అని ముగించారు మామగారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఏమిటో నాకు అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మరునాటి ఉదయం మిగిలిన కారుకు ఆయన చెప్పగా నేను మెరుగు పెట్టాను. డ్రిల్లింగ్ మిషను మిత్రుడి ఇంటికి వెళ్ళిపోయింది. రేకు చల్లగా ఉన్న వేళ, నీడలో, ముందు ధారాళంగా నీళ్ళు పోసి ఇసుక కొట్టుకుపోనిచ్చాము. రెండు బకెట్లు పెట్టాము. ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించడానికి మంచినీరు. పైకప్పు నుంచి మొదలుపెట్టి క్రిందికి కడిగాము. పాత బనీను గుడ్డ, కుట్లు కత్తిరించి, చేతికి మెత్తగా మడుచుకొని, సన్నని పాలిషు చిటికెడు తీసుకొని రెండు అరచేతుల వెడల్పు మేర మాత్రమే రుద్దించారు. గుండ్రంగా కాక తిన్నగా రుద్దమన్నారు.

గుడ్డకు మళ్ళీ ఎరుపు అంటింది. నేను భయపడి ఆగాను. "ఇది వేరు. ఎండకు చచ్చిన పొర తెల్లగా, సున్నంలా పైకి తేలుతుంది. పాతకాలపు రంగుకు పైన గాజులాంటి పొర ఉండదు గనుక రంగే గుడ్డకు వస్తుంది. ఆ చచ్చిన పొర పోయి క్రింది ఎరుపు తేలగానే ఆగాలి" అన్నారు. అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు సహజంగానే పలుచగా ఉంటుందని, అక్కడ కాగితపు పట్టీ అతికించి వదిలివేయమన్నారు. నా మిషను ముందుగా అంచునే ఎందుకు కొరికిందో అప్పుడు తెలిసింది.

చివరగా మైనం. నేను వేళ్ళతో ఇంత ముద్ద తీయబోతే చేయి పట్టుకొన్నారు. "తలకు ఆముదం కాదు బాబూ, కంటికి కాటుక" అన్నారు. ఎంత పలుచగా రాస్తే అంత మేలు. మందంగా రాసినది తుడిచివేయడానికే తప్ప నిలవడానికి కాదు. ఆరి మసకబారిన తరువాత శుభ్రమైన గుడ్డతో తుడిచాను. సాయంత్రానికి ఆ ముదురు ఎరుపు, కొత్తదానిలా కాకపోయినా, పెద్దమనిషిలా హుందాగా నిలబడింది. బానెట్ అంచున బూటు పాలిషు కడిగివేయగా బయటపడిన జానెడు బూడిద గీత మాత్రం అలాగే ఉంది. తుప్పు పట్టకుండా దాని మీద సరిపోలే రంగును సన్నని కుంచెతో పూయించారు. అతుకు అతుకులాగే కనిపించింది.

ఆ ఉపాధ్యాయుడు కారు చూడటానికి వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అతడు మెరుపు చూసి ముచ్చటపడ్డాడు. ముందు అనుకొన్న ధరకు సిద్ధంగా ఉన్నాడు. చీకటి పడుతోంది, అతుకు అతడి కంట పడలేదు. మామగారు అతడి చేయి పట్టుకొని బానెట్ దగ్గరకు తీసుకువెళ్ళి, అతడి వేలిని ఆ గీత మీద ఆనించి, "ఇక్కడ రంగు పోయింది. పైన పూశాము. వానాకాలానికి ముందు ఒకసారి చూసుకోండి" అని చెప్పి, ధరలో వెయ్యి రూపాయలు తానే తగ్గించారు. ఎలా పోయిందని అతడు అడిగితే, "ఇంట్లో జరిగింది" అన్నారు. నా వైపు తిరగలేదు. వెయ్యి రూపాయలు నేను ఇవ్వబోతే తీసుకోలేదు.

విశ్వకర్మ పూజనాడు కారుకు బొట్టు పెట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి, బిష్టుపూర్ రామమందిరానికి బయలుదేరాము. నడిపింది నేను. ఆయన ప్రక్క సీటులో కూర్చొని, కిటికీలోంచి చేయి బయటకు పెట్టి, దారి పొడవునా తలుపు మీద అరచేయి ఆనించి ఉంచారు. ఎవరమూ మాట్లాడలేదు. గుడి దగ్గర దిగుతూ "నున్నగా ఉంది" అన్నారు. నాకు ఆ మాట చాలు.

ఆయన 2004లో కాలం చేశారు. నేను ఉద్యోగ విరమణ చేసి కొన్నేళ్ళయింది. క్రిందటి శీతకాలంలో కదమాలోని మా బావమరిది ఇంట్లో నెల రోజులున్నాము. ఇప్పుడు వాళ్ళది తెల్లని కొత్త కారు. దానికి మెరుగు పెట్టే బాధ్యత మా మేనల్లుడిది. ఇంటర్నెట్టులో తెప్పించిన సీసాలు పదికి తక్కువ లేకుండా వరండాలో బారుతీరి ఉన్నాయి. "మామయ్యా, వీటిలో ఏది ముందు?" అని అడిగాడు. "వీటిలో తీసేవి ఎన్ని, పెట్టేవి ఎన్ని, దాచేవి ఎన్ని?" అని నేను అడిగాను. వాడు సీసాల మీది అక్షరాలు చదివి మూడు గుంపులుగా విడదీశాడు. సగం సమస్య అక్కడే తీరిపోయింది.

నేటి కార్ల రంగుకూ నాటి పద్మిని రంగుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఇప్పుడు రంగు పొర మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మెరిసేది అదే, గీతలు పడేదీ అదే. ప్రైమర్ నుంచి పై పొర వరకు అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే మనం రుద్దడానికి దొరికినది ఒక వెంట్రుకంత కూడా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడే పదార్థాలు ఉన్నదీ ఆ పొరలోనే. గుడ్డకు రంగు అంటడం లేదు గనుక ఏమీ పోవడం లేదని భ్రమపడరాదు. పోయేది రంగు లేనిది గనుక కనిపించదు. మామగారి రోలు వ్యాసం ఇప్పుడు మరింత చిన్నదైందన్నమాట.

అందుచేత మేనల్లుడితో కలిసి నేను పాటించిన క్రమాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందు కడగడం. బట్టల పొడి, గిన్నెల సబ్బు వాడరాదు. కారు షాంపూ వాడాలి. బోరు నీటి మచ్చలు కొత్తవైతే, సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచి వెంటనే కడిగితే చాలావరకు పోతాయి. పక్షి రెట్టను ఎండనివ్వకుండా తడిగుడ్డతో నానబెట్టి తీయాలి, గోకరాదు. ఆరబెట్టడానికి మైక్రోఫైబర్ తువ్వాలు మేలు. ఏ గుడ్డయినా నేలమీద పడితే ఆ పూటకు దానికి సెలవు.

తరువాత తడిమి చూడటం. కడిగిన రేకు మీద ప్లాస్టిక్ సంచి తొడిగిన చేతిని జరిపితే, వట్టి చేతికి తెలియని గరుకు కూడా తెలుస్తుంది. రైలు పట్టాల సమీపంలో, ఇనుము పనులు జరిగే చోట, ఆ మాటకొస్తే మన బండ్ల బ్రేకుల నుంచి కూడా సన్నని ఇనుప రజను గాలిలో ఎగిరి రంగు మీద గుచ్చుకొంటుంది. తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలుగా కనిపించేది ఆ రజను పట్టిన తుప్పే. దానిని రుద్ది తీయబోతే గీతలు పడతాయి. ఇందుకు ఇనుమును కరిగించే ద్రవం ఒకటి ఇప్పుడు దొరుకుతోంది. చల్లగానే చుక్కలు ఊదారంగుకు తిరిగి కారిపోతాయి. దాని వాసన మాత్రం కుళ్ళిన గుడ్లకు తమ్ముడు. చేతికి తొడుగు అవసరం, ఆరిపోకముందే కడగడం అంతకంటె అవసరం. అప్పటికీ మిగిలిన గరుకును క్లే అనే మెత్తని ముద్దతో, షాంపూ నీరు ధారాళంగా వేసి, ఒత్తకుండా జరిపి తీయాలి. ముద్ద క్రింద పడితే మోజు చంపుకొని పారవేయాలి.

అప్పుడు గాని పాలిషు సంగతి రాదు. ఒక అడుగు చదరాన్ని పరీక్షకు ఎంచుకొని, అన్నిటికన్న మెత్తని స్పాంజి, అన్నిటికన్న సన్నని పాలిషుతో మొదలుపెట్టాలి. అది చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్ళాలి. ముతకతో మొదలుపెట్టినవాడికి వెనక్కు రావడానికి దారి లేదు. గోటికి తగిలే లోతైన గీతను పాలిషుతో మాపాలని చూడరాదు. అది క్లియర్ కోట్‌ను దాటి ఉండే అవకాశం ఎక్కువ. మిషను వాడదలచినవారు ఒకే చోట గిరగిర తిరిగేదానికి బదులు, తిరుగుతూ ఊగే రకం ఎంచుకోవడం క్షేమం. మొదటిది ఒకచోట నిలిస్తే వేడెక్కి పొరను కాల్చివేస్తుంది. రెండవది మనలాంటి ఆదివారపు పనివాళ్ళ తప్పులను కొంత సహిస్తుంది. అంచులకు పట్టీ వేయడం మాత్రం ఏ మిషనుకైనా తప్పదు. పళ్ళపొడి ముద్దలు, ఇత్తడి సామాన్లు తోమే ద్రవాలు కూడా గీతలు పోగొడతాయని చెప్పేవారున్నారు. వాటిలోనూ రాపిడి రేణువులు ఉంటాయి గాని, అవి పళ్ళ కోసం, ఇత్తడి కోసం తయారైనవి. రంగును ఎంత మేర కొరుకుతాయో చెప్పేవారు లేరు.

చివరగా పెట్టేది. మైనమా, కృత్రిమ సీలెంటా, సిరామిక్ పూతా అన్నది అవసరాన్ని, ఓపికను బట్టి ఉంటుంది. మైనానికి ఆయుస్సు వారాలు, సీలెంటుకు నెలలు. సిలికా ఆధారంగా తయారయ్యే సిరామిక్ పూత మంచి రకమైతే అంతకంటె ఎక్కువ కాలం ఉంటుంది. కాని రాయి తగిలితే పడే దెబ్బను అది ఆపలేదు. పైగా క్రింద గీత ఉండగా పైన పూత వేస్తే, ఆ గీత కూడా పూతతోపాటు స్థిరపడిపోతుంది.

మేనల్లుడు వెనుక తలుపుకు పాలిషు చేస్తూ, కంటికి దగ్గరగా లైటు పెట్టి చూస్తే తప్ప కనిపించని ఒక గీత వద్ద ఆగిపోయాడు. "ఇంకొక్కసారి వేస్తే ఇది కూడా పోతుంది మామయ్యా" అన్నాడు. నేను ప్లాస్టిక్ సంచి తీసి వాడి చేతికి తొడిగి, తడిమి చూడమన్నాను. కళ్ళు మూసుకొని తడిమాడు.

"నున్నగానే ఉంది" అన్నాడు.

"అయితే గుడ్డ ఉతికి ఆరేయి" అన్నాను.

వాడికి ఆ గీత గుర్తుండే ఉంటుంది. నాకు బానెట్ అంచున జానెడు అతుకు ఉన్నట్లే, ప్రతి కారుకూ ఒకటి ఉంటే నష్టమేమీ లేదని నాకిప్పుడు అనిపిస్తుంది. మన సంస్థలో వివిధ విభాగాలలో పనిచేస్తున్న యువ మిత్రులకు నా విన్నపం ఇంతే. వచ్చే ఆదివారం కారు కడగడానికి బకెట్టు తీసే ముందు, ఒకసారి నీడ ఎటు ఉందో చూసుకోండి. డబ్బా మూత తీసే ముందు అది తీసేదో, పెట్టేదో, దాచేదో చదువుకోండి. ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే, పని మొదలుపెట్టక ముందే ప్రక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి. వాళ్ళు ఊరికి వెళ్ళిన సమయం చూసి మాత్రం మొదలుపెట్టకండి.